కామెర్లు: వంశదోషమా, అంటురోగమా?

ఒకే ఇంటిలో తల్లికి, ఆమె బిడ్డలలో ఇద్దరికి, కొంతకాలమునకు ఒక మనుమనికి కాలేయవ్యాధి కనబడినచో, “ఇది ఆ వంశములోనే ఉన్నది” అనుట మనవారికి అలవాటు. జూబిలీ హిల్స్ మేడలలోనైనను, ఆ చెంతనే ఉన్న రహమత్ నగర్ ఇరుకు సందులలోనైనను, పెండ్లి మాటలు నడుచునపుడు ఈ మాట పుట్టినచో ఆ సంబంధము నిలుచుట కష్టము. రోగికి నీరసమును, ఆకలి మందగించుటయు ఒక బాధ. వంశమునకే మచ్చ తెచ్చితినను దిగులు మరియొక బాధ. రెండవదే పెద్దదని నా అభిప్రాయము.

హెపటైటిస్-బి చరిత్రయు ఈ భ్రమతోనే ప్రారంభమైనది. ఒకే రోగము కొందరిని పట్టి, కొందరిని ఏల విడుచును? ఈ ప్రశ్నకు అమెరికా వైద్యుడు బరూక్ బ్లుంబర్గ్ వంశానుగతమగు రక్తభేదములలో సమాధానము వెదకుచు, దేశదేశముల ప్రజల రక్తమును సేకరించెను. 1963లో ఆస్ట్రేలియా ఆదివాసి ఒకని రక్తములోని ఒక పదార్థము, పలుమార్లు రక్తము ఎక్కించుకొనిన అమెరికా రోగి రక్తరసముతో కలిసి సన్నని గీతగా పేరుకొనెను. దానికి ‘ఆస్ట్రేలియా యాంటిజెన్’ అని పేరు పెట్టిరి. అది కొన్ని కుటుంబములలో గుంపుగా కనబడుటచే, తల్లిదండ్రుల నుండి సంక్రమించు జన్యులక్షణమని తలచిరి.

1966లో ఈ తలంపు తలక్రిందులైనది. డౌన్ సిండ్రోము గల ఒక రోగి రక్తములో ఆ పదార్థము మొదట లేదు. మరల పరీక్షింపగా ఉన్నది. పుట్టుకతో వచ్చిన కంటిరంగు నడుమ మారునా? వంశగుణమైనచో అదియు మారరాదు. ఆ రోగి కాలేయమును పరిశీలింపగా అందు హెపటైటిస్ కనబడెను. కొలదికాలమునకు ఆ ప్రయోగశాలలోని సహాయకురాలికే కామెర్లు సోకినవి. ఆమె తన రక్తమును తానే పరీక్షించుకొనగా అదే గీత! ఆ పదార్థము వైరస్ పైపొర అని క్రమముగా తేలినది. 1976లో బ్లుంబర్గ్‌నకు నోబెల్ బహుమతి లభించెను. సొంత సిద్ధాంతమును విడిచి సాక్ష్యము వెంట నడచుట పండితులలో అంత సులభముగా కనబడు గుణము కాదు.

మరి కుటుంబములలో గుంపుగా ఏల వచ్చును? వైరస్ గల తల్లి నుండి కాన్పు సమయమున బిడ్డకు సోకును. పసికందునకు సోకినచో నూటికి 90 మందిలో అది దీర్ఘవ్యాధియై నిలుచును; ఆరోగ్యవంతులగు పెద్దలలో నూటికి 5 మందికి మించదు. తల్లి ఇచ్చినది వంశము కాదు, అంటు మాత్రమే, అంటును అడ్డుకొనవచ్చును.

మన పల్లెలలో కామెర్లకు పసరు పోయించు ఆచారము కలదు గదా. అందు వాడు నేల ఉసిరిపై బ్లుంబర్గ్ మదరాసు పరిశోధకులతో కలిసి శ్రద్ధ వహించెను. 1988లో ప్రకటించిన ఫలితములు ఆశ గొలిపినవి గాని, తరువాతి పరీక్షలలో అవి నిలువలేదు.

అడ్డుకొను సాధనము హైదరాబాదులోనే సిద్ధమైనది. ఎలక్ట్రానిక్స్ ఇంజనీరగు వరప్రసాదరెడ్డిగారు 1993లో తల్లి పేరిట శాంతా బయోటెక్నిక్స్ సంస్థను స్థాపించిరి. వైరస్ పైపొరను నిర్మించు జన్యువును ఈస్టు కణములో చేర్చి, ఆ పైపొరను మాత్రమే తయారుచేయించుట దాని పద్ధతి. వైరస్ లేదు, దాని చొక్కా మాత్రము ఉన్నది! 1997లో ఆ టీకా ‘షాన్వాక్-బి’ పేరిట వెలువడెను. దిగుమతి టీకాకు వందల రూపాయలగు ఆ రోజులలో, ఇది అందు స్వల్పభాగమునకే లభించెను.

ఇంతమాత్రమున జన్యువులకు ప్రమేయమే లేదనరాదు. బ్లుంబర్గ్ తొలి ప్రశ్న వేరొక రూపమున మరల వచ్చినది. వైరస్ సోకిన తరువాత అది దీర్ఘకాలము నిలుచుటలో, రోగనిరోధమునకు చెందిన కొన్ని జన్యువుల పాత్ర ఉన్నదని 2009లో జపాను శాస్త్రజ్ఞులు తెలిపిరి. హెపటైటిస్-సి విషయమున ఇది రోగి దినచర్యనే తాకినది. ఆనాటి చికిత్స ఇంటర్‌ఫెరాన్ సూదులు, రిబవిరిన్ మాత్రలు. తరచు 48 వారములు. జ్వరము, ఒళ్లునొప్పులు, నిద్రలేమి, మనోవ్యాకులత, రక్తహీనత. ఇంత బాధ పడినను కొందరికి ఫలితము లేదు. 19వ క్రోమోజోముపై ఐఎల్28బి అను జన్యువు వద్దనున్న చిన్న భేదము ఈ ఫలితమును చాలవరకు నిర్ణయించునని 2009లో తెలిసినది. ఐటీపీఏ అను మరియొక జన్యువులోని భేదములు కొందరిని రిబవిరిన్ కలిగించు రక్తహీనత నుండి కాపాడునని 2010లో తేలినది. ఒకే మందును ఒకరు సహించుట, పక్కమంచముపై రోగి సహింపలేకుండుట మనోబలములోని తేడా మాత్రమే కాదన్నమాట. “ధైర్యము తెచ్చుకో” అని మందలించు బంధువులు ఇది గమనించిన బాగుండును.

2015 నుండి హైదరాబాదు సంస్థలగు నాట్కో, హెటిరో సోఫోస్‌బువిర్ మాత్రలను చౌకగా అందించుటతో ఆ సూదుల కాలము ముగిసినది. ఇతర మాత్రలతో కలిపి సాధారణముగా 12 వారములు మ్రింగిన చాలును. ఐఎల్28బి భేదమునకు ఇపుడు అంత ప్రాధాన్యము లేదు. హెపటైటిస్-బికి మాత్రము వైరస్‌ను అణచియుంచు మందులే గాని, నిర్మూలించు మందు ఇంకను రాలేదు. కనుక పుట్టిన 24 గంటలలోపల బిడ్డకు తొలి టీకా వేయించుట ముఖ్యము. 2018 జూలై 28న ప్రారంభమైన జాతీయ కార్యక్రమము క్రింద ఈ రోగములకు ప్రభుత్వ కేంద్రములలో పరీక్షలు, మందులు ఉచితము. ఆ జూలై 28 బ్లుంబర్గ్ పుట్టినదినము.