రోమాంషు భాషాచరిత్రము

స్విట్జర్లండునందలి నాలుగు జాతీయభాషలలో మిక్కిలి స్వల్పజనవ్యవహృతము రోమాంషు. క్రీ. పూ. 15లో రోమనులు రేతియాసీమను జయింపఁగా, వారి లాటినువాక్కు ఆల్ప్సు లోయలందు వేరూని క్రమముగా నీ భాషయై పరిణమించెను. నేఁడిది గ్రౌబ్యుండెన్ మండలమున నిలిచియున్నది. లోయలు వేఱగుటచే లేఖ్యరూపములును ఐదయ్యెను. 1560లో బిఫ్రూను క్రొత్తనిబంధనమును ఎగువ ఎంగడీను పలుకుబడిలోనికిఁ బరివర్తించి ప్రకటించెను. 1938 ఫిబ్రవరి 20వ తేదీని ఓటర్లు దీనిని జాతీయభాషగా నంగీకరించిరి.

1982లో హైన్రిష్ ష్మిడ్ పండితుఁడు ఐదింటికిని సామాన్యమగు లేఖనభాషను గల్పించెను. కార్యాలయముల కది యుపకరించెను. పాఠశాలలందుఁ బ్రవేశపెట్టఁగాఁ దల్లిదండ్రులు పెక్కుమంది తమ లోయపలుకు నశించునని వాదించిరి. 2011 తరువాత పెక్కు గ్రామములు పూర్వరూపములకే మరలెను. శాసనపత్రమునకు వ్యాకర్త కూర్చిన భాష చాలెను. శిశువునకుఁ దల్లి పలుకే కావలసెను.