అవ్వ చవుడు

మాది గుండ్లకమ్మ ఒడ్డున, మార్కాపురం పక్క పల్లె. మా అవ్వ నలభై ఏళ్లు ఆ ఊరి బట్టలు ఉతికింది. నేను డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. సబ్బు పాఠం వచ్చినప్పుడల్లా నాకు రేవే గుర్తొస్తుంది.

ఎండాకాలం ఏరు ఎండితే మిగిలేవి బావి నీళ్లు, పప్పు ఉడకని నీళ్లు. సబ్బు రుద్దితే నురగ రాదు, తెల్లగా తెట్టు కడుతుంది. సబ్బు అణువుకు కర్బన తోక, కార్బాక్సిలేట్ తల ఉంటాయి. తోక జిడ్డులోకి దిగుతుంది, తల నీళ్లను వదలదు. అలా వందల అణువులు జిడ్డును చుట్టుకుని బట్ట మీంచి లేపేస్తాయి. బావిలోని ఇలాంటి ఉప్పు నీళ్లలో ఒక్కో కాల్షియం రెండేసి తలలను పట్టేస్తుంది. ఆ తెట్టు అదే.

అందుకే అవ్వ సబ్బును నమ్ముకోలేదు. పొద్దున్నే చేలగట్ల మీద తెల్లగా పొంగిన చవుడు గీరి గంపకెత్తేది. నీళ్లలో కలిపి, తేట వంచి, బట్టలు ముంచి పిండి, బాన మీద పేర్చి ఉబ్బ వేసేది. రాత్రంతా ఆవిరి. తెల్లారి బట్టలు విప్పుతుంటే వచ్చే ఆ ఘాటు ఇప్పటికీ నా ముక్కులో ఉంది. చవుడులో పనిచేసేది సోడియం కార్బొనేట్. అది కాల్షియాన్ని సుద్దగా విరిచేస్తుంది. చెమట జిడ్డులోని ఆమ్లాలతో కలిసి, పోగుల్లోనే సబ్బు పుట్టిస్తుంది! ఇంతకు మించిన తెలివి నేనే పుస్తకంలోనూ చదవలేదు.

పట్టుచీరలకు మాత్రం చవుడు తగలనిచ్చేది కాదు, క్షారం పట్టును తినేస్తుంది. వాటికి కుంకుడు రసమే. కుంకుడులోని సపోనిన్ తల చక్కెరలతో అల్లింది. కాల్షియానికి సులువుగా చిక్కదు.

1959లో మన దేశంలోకి సర్ఫ్ పొడి వచ్చింది. 1969లో అహ్మదాబాద్‌లో కర్సన్‌భాయ్ పటేల్ నిర్మా మొదలుపెట్టాడు. ఈ పొడుల్లో తల సల్ఫొనేట్, ఉప్పు నీళ్లకు సబ్బంత తొందరగా లొంగదు. తోక సంగతి పడమటి దేశాలకు దెబ్బ తిన్నాకే తెలిసింది. కొమ్మలు చీలిన తోకలను బాక్టీరియా అరిగించుకోలేక, 1950ల్లో అక్కడి నదుల మీద నురగ గుట్టలు తేలాయి. 1965 నాటికి అమెరికా కంపెనీలు తిన్నని తోకకు మారాయి.

మా ఇంటికి మొదటి పసుపురంగు నిర్మా పొట్లం వచ్చిన రోజు అవ్వ చిటికెడు నాలుక మీద వేసుకుని, ఉమ్మేసి, "ఇది మన చవుడేనమ్మా" అంది. చవక పొడుల్లో ఎక్కువ పాలు సోడా, అంటే ఆ సోడియం కార్బొనేటే అని నేను పదేళ్ల తర్వాత కాలేజీలో చదువుకున్నాను.