ఊదమంటే ఊదలేని వయసు

1816లో పారిస్‌ నెకర్‌ ఆసుపత్రిలో వైద్యుడు రెనే లాయెనెక్‌ ఒక యువతి ఛాతీకి నేరుగా చెవి ఆనించడానికి మొహమాటపడి, కాగితాలను గొట్టంలా చుట్టి గుండె చప్పుడు విన్నాడు. స్టెతస్కోప్‌ పుట్టుక గురించి అందరూ చెప్పే కథ ఇదే. నిజానికి అతని అసలు ఘనత ఆ తర్వాతిది. బతికుండగా రోగి ఛాతీలో విన్న చప్పుళ్లను, చనిపోయాక శవపరీక్షలో కనిపించిన ఊపిరితిత్తులతో ఓపికగా సరిపోల్చి 1819లో గ్రంథం రాశాడు. అయితే 1846లో జాన్‌ హచిన్‌సన్‌ ఊపిరితిత్తుల గాలిని కొలిచే స్పైరోమీటర్‌ను, 1895లో రాంట్‌జెన్‌ ఎక్స్‌రేను తెచ్చాక అంకెకూ బొమ్మకూ ఉన్న విలువ చప్పుడుకు లేకుండా పోయింది. పెద్దల విషయంలో అది సబబే. కానీ స్పైరోమీటర్‌లో నిండుగా పీల్చి, ఒక్కసారిగా, చివరిదాకా ఊదాలి. అయిదేళ్లు నిండని పిల్లల్లో చాలామందికి అది చేతకాదు. పిల్లికూతలు ఎక్కువగా వచ్చేదీ ఆ వయసులోనే. ధ్వని విశ్లేషణ మళ్లీ వైద్యంలోకి రావడానికి కంప్యూటర్‌ మోజు కంటే ఈ ఖాళీయే పెద్ద కారణమని నా వాదన.

ఆ వయసులోనే కూతలు ఎందుకో ముందు చూద్దాం. గొట్టంలో గాలి సాఫీగా సాగుతున్నప్పుడు దాని వ్యాసార్థం సగమైతే అడ్డంకి పదహారు రెట్లవుతుంది. పసివాళ్ల శ్వాసనాళాలు అసలే సన్నం కాబట్టి కాస్త వాపుకే ఆయాసం వస్తుంది. ఇరుకైన చోట గాలి సుడులు తిరుగుతుంది, నాళాల గోడలు అదురుతాయి. ఆ అదురే పిల్లికూత అని వైద్యుడు పాల్‌ ఫోర్గాక్స్‌ వివరించాడు. 1977లో రేమండ్‌ మర్ఫీ బృందం ఊపిరి చప్పుళ్లను కాలంలో సాగదీసి, కంటికి కనిపించే తరంగాలుగా గీసింది. ఆ తర్వాత జపాన్‌ పిల్లల వైద్యులు మరో అడుగు వేశారు. మామూలుగా ఊపిరి తీస్తున్న పిల్లల ఛాతీపై మైక్రోఫోన్‌ ఉంచి, నాళాలను విప్పే మందు పీల్చకముందూ పీల్చాకా ధ్వని వర్ణపటం, అంటే ఏ పౌనఃపున్యంలో ఎంత శక్తి ఉందో చూపే పటం, ఎలా మారిందో చూశారు. నాళాలు ముడుచుకుంటే ధ్వనిశక్తి హెచ్చు పౌనఃపున్యాల వైపు జరుగుతుంది. చెవికి కూత అందకపోయినా ఈ మార్పు లెక్కలో దొరకవచ్చు.

బిడ్డ ఏడిస్తే ఏం వింటారు, గాలి వేగం మారితే చప్పుడూ మారదా అని అడగవచ్చు. మారుతుంది. అందుకే మొత్తం బిగ్గరతనం మీద కాక, వర్ణపటం ఆకారం మీద, నిష్పత్తుల మీద ఆధారపడతారు. గుండె చప్పుడు ఎక్కువగా తక్కువ పౌనఃపున్యాల్లోనే ఉంటుంది కాబట్టి చాలావరకు వడకట్టవచ్చు. ఒక బిడ్డను ఇంకో బిడ్డతో కాక, మందుకు ముందున్న ఆ బిడ్డతోనే పోల్చడం నయం. అనుభవమున్న డాక్టరు చెవి చాలదా అంటే, ఒకే ఛాతీని విన్న ఇద్దరు డాక్టర్లు ఒకే మాట చెప్పకపోవడం కొత్తేమీ కాదు. ముక్కు దిబ్బడ చప్పుడును ఇంట్లోవాళ్లు పిల్లికూత అనుకోవడమూ మామూలే. ఒక్క అభ్యంతరానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. నాళాలు మరీ మూసుకుపోతే లోపల గాలే ఆడదు, చప్పుడూ ఉండదు. ఉబ్బసంలో అన్నిటికంటే ప్రమాదకరమైన దశ అది. అప్పుడు చూడాల్సింది కంప్యూటర్‌ తెరను కాదు, బిడ్డ డొక్కలు ఎగరేస్తున్న తీరును, ఆక్సిజన్‌ శాతాన్ని.