చెరసాలలో మౌలానా ముహమ్మద్ అలీ జౌహర్

1921 సెప్టెంబరు 14. గాంధీజీతో కలిసి మద్రాసు వెళ్తున్న మౌలానా ముహమ్మద్ అలీ గారిని వాల్తేరు స్టేషనులో పోలీసులు అరెస్టు చేశారు. వెంట ఉన్న బేగం సాహెబా ధైర్యంగా వీడ్కోలు చెప్పి, గాంధీజీతో మద్రాసు సాగిపోయారు. నేటి విశాఖపట్నం స్టేషను అదే. ఆ దారిన ఎన్నిసార్లో పోయివచ్చిన మాకు కూడా ఈ సంగతి చాలాకాలం తెలియదు.

వారికి చెర కొత్త కాదు. 1878లో రాంపూర్‌లో పుట్టి, అలీగఢ్‌లోనూ ఆక్స్‌ఫర్డ్‌లోనూ చదివి, ఇంగ్లీషులో 'కామ్రేడ్', ఉర్దూలో 'హమ్‌దర్ద్' పత్రికలు నడిపిన మనిషి. 1915లో ప్రభుత్వం వారినీ, అన్నగారు షౌకత్ అలీనీ నిర్బంధించింది. 1919 డిసెంబరు దాకా వదల్లేదు. అందులో ఎక్కువ కాలం చింద్వారాలోనే గడిచింది. పత్రికలు మూతపడ్డాయి. మరి రాసే చెయ్యి ఊరుకుంటుందా?

అంత చదువు చదివినా ఖురాన్ షరీఫ్‌తో తనకున్న పరిచయం అంతంతమాత్రమేనని తర్వాత స్వీయచరిత్రలో మౌలానాయే ఒప్పుకున్నారు. నిర్బంధంలోనే అర్థం తెలుసుకుంటూ మొత్తం చదివారు. ఇదేం విడ్డూరమని మనలో కొందరు ముక్కున వేలేసుకోవచ్చు గాని, మన ఇళ్లలో ఎందరం అర్థం తెలిసి చదువుతున్నామో ముందు చూసుకోవాలి.

'జౌహర్' అనే కలంపేరుతో గజళ్లు రాయడం ఆయనకు ముందునుంచీ అలవాటే. చెరలో మాత్రం ఆ గజల్ మారిపోయింది. ప్రియురాలి కోసం వాడే విరహం, ఎదురుచూపు, ఒంటరి రాత్రి అనే పాత మాటలే అల్లాతో చెప్పుకునే మాటలయ్యాయి. ఒంటరి కొట్టు ఆయనకు సన్నిధి అయింది. వారి ఉపన్యాసాల వేడి చల్లారిపోయినా, ఆ గజళ్లు ఇప్పటికీ ముషాయిరాల్లో వినిపించడానికి కారణం ఇదేనని మా అభిప్రాయం.

వాల్తేరు అరెస్టు తర్వాత కరాచీలో విచారణ జరిగింది. బ్రిటిషు సైన్యంలో కొలువు ముస్లింలకు మతరీత్యా తగదన్న తీర్మానమే నేరం. ముద్దాయిల్లో ఒక శంకరాచార్యులవారు కూడా ఉన్నారు, ఆయన్ని విడిచిపెట్టారు. మౌలానాకు రెండేళ్ల కఠిన శిక్ష పడింది.

ఆ జైల్లో ఉండగానే కూతురు అమీనాకు క్షయ అని కబురొచ్చింది. తండ్రి వెళ్లలేడు. బిడ్డకు పద్యం రాసి పంపాడు. నీకు నయం కావాలన్నాడు, ఆ వెంటనే అల్లా నిర్ణయమేదైనా తలవంచుతామన్నాడు. చింద్వారాలో చదువుకున్న దైవభక్తికి అసలు పరీక్ష ఇక్కడే ఎదురైంది.

1923 ఆగస్టులో విడుదలయ్యారు. డిసెంబరులో మన కాకినాడ కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించి, చాలా సుదీర్ఘమైన ఉపన్యాసమిచ్చారు. అమీనా జబ్బు మాత్రం నయం కాలేదు. 1924లో ఆ పిల్ల కన్నుమూసింది.