ఒకే ఇంట్లో రెండు వంటలు

అమెరికాలో తెలుగువారి చరిత్ర అనగానే మనకు సభలు, సంఘాలు, దేవాలయాలు, వీసా చట్టాలు గుర్తుకు వస్తాయి. వాటి మీద వ్యాసాలు చాలానే వచ్చాయి. పనిరోజుల్లో సాయంత్రం ఆరున్నరకు మన ఇళ్ళల్లో పొయ్యి మీద ఏమి ఉడుకుతున్నదో, దానిని పిల్లలు తింటున్నారో లేదో, ఆ చరిత్రను మాత్రం ఎవరూ అంతగా పట్టించుకున్నట్టు లేదు. పండుగ వంట గురించి రాయడానికి అందరికీ ఉత్సాహమే. మంగళవారం రాత్రి వంట గురించి ఎవరు రాస్తారు? కాని ఏడాదికి పండుగలు పది ఉంటే మంగళవారాలు యాభై రెండు. అందుచేత ఈసారి మేము దాని జోలికే వెళుతున్నాము.

మా ఉద్దేశం ముందే చెబుతాము. పెద్దలకు అన్నం, పప్పు, చారు. పిల్లలకు మాకరోనీ, పిజ్జా, చికెన్ నగ్గెట్లు. ఈ రెండు వంటల పద్ధతికి పిల్లల మొండితనమే కారణమని చాలామంది అనుకుంటారు. మా లెక్క ప్రకారం దానిని తయారు చేసినవి ఈ దేశపు కొట్లలోని అరలూ, మన ఉద్యోగాల వేళలూ.

మొదట కాస్త వెనక్కి వెళ్ళాలి. 1946 నాటి చట్టం ప్రకారం భారతదేశం మొత్తం మీద ఏడాదికి 100 మందికే ఇక్కడ స్థిరపడే వీలుండేది. 1965 అక్టోబరు 3న అధ్యక్షుడు జాన్సన్ న్యూయార్కు రేవులోని స్వేచ్ఛా ప్రతిమ పాదాల దగ్గర కొత్త చట్టం మీద సంతకం చేశారు. 1968 జూలై నుంచి అది పూర్తిగా అమలులోకి వచ్చింది. ఆ తరువాతనే గుంటూరు, విశాఖపట్నం, హైదరాబాదు, కర్నూలు, కాకినాడ వైద్య కళాశాలల్లో చదివినవారు, వారితోపాటు ఇంజనీర్లు ఇక్కడికి పెద్ద ఎత్తున రాసాగారు. పెట్టెలో ప్రెషర్ కుక్కరు తెచ్చుకున్నారు గాని అందులో వండడానికి కందిపప్పు ఎక్కడ? న్యూయార్కులో లెక్సింగ్టన్ ఎవెన్యూ మీద ఒక ఆర్మేనియన్ కుటుంబం 1944లో పెట్టిన కలుస్త్యాన్ కొట్టు ఉండేది. షికాగోలో డెవాన్ ఎవెన్యూ మీద పటేల్ బ్రదర్స్ మొదటి కొట్టు తెరిచింది 1974లో. ఇలాంటి నగరాలకు దూరంగా చిన్న ఊళ్ళ ఆసుపత్రుల్లో పనిచేసే వారికి మూలనున్న సూపర్‌మార్కెట్టే గతి.

ఆ సూపర్‌మార్కెట్ అరల ముందు నిలబడి మన ముందుతరం గృహిణులు చూపిన తెలివి సామాన్యమైనది కాదు. కందిపప్పు లేకపోతే పసుపుపచ్చ బఠాణీ పప్పు. మామిడికాయ లేకపోతే పుల్లటి ఆకుపచ్చ ఆపిలు. గోంగూరకు బదులు రూబార్బ్ కాడలు, బీరకాయకు బదులు జుకీని, పాలకూర పప్పుకు గడ్డకట్టిన స్పినచ్ పెట్టె. నవంబరులో క్రాన్‌బెర్రీలు వస్తే పచ్చడి, పప్పు రెండూ. పెరుగు తోడుకు కొట్లో దొరికే కల్చర్డ్ బటర్‌మిల్క్. 1893లో నార్త్ డకోటాలోని గ్రాండ్ ఫోర్క్స్ మిల్లువారు తయారు చేసిన క్రీమ్ ఆఫ్ వీట్ డబ్బా తెరిచి చూస్తే అందులో ఉన్నది దాదాపు మన బొంబాయి రవ్వే. అమెరికన్లు దానిని పొద్దున్నే పాలల్లో జావలాగా కాచుకుంటారు. మనవారు రాత్రికి ఉప్మా చేశారు. మాలతీ చందూర్ గారి వంటల పుస్తకం చేతిలో ఉన్నా ఈ మార్పులు ఎవరికి వారే కనిపెట్టుకోవలసి వచ్చింది.

అయితే అదే కొట్లో పక్క అరలో ఇంకొక చరిత్ర ఉంది. 1937లో, ఆర్థికమాంద్యపు రోజుల్లో, క్రాఫ్ట్ కంపెనీ మాకరోనీ, చీజుపొడి కలిపిన పెట్టెను 19 సెంట్లకు అమ్మింది. నలుగురికి తొమ్మిది నిమిషాల్లో భోజనమని ప్రకటన. 1950లలో స్వాన్సన్ వారి టీవీ డిన్నర్లు వచ్చాయి. 1946లోనే పాఠశాలల్లో మధ్యాహ్న భోజనానికి జాతీయ చట్టం వచ్చింది. అంటే మనవారు విమానం దిగేసరికే ఈ దేశంలో పనిరోజు రాత్రి భోజనం పెట్టెలోకి వెళ్ళిపోయింది. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో, సాయంత్రం ఆరింటికి ఆకలితో ఏడుస్తున్న పిల్లవాడి ముందు, తొమ్మిది నిమిషాల పెట్టె చేతికి అందకుండా ఎలా ఉంటుంది? మొదట వారానికి ఒకరోజు. పైగా బడిలో మధ్యాహ్నం తినేదీ అదే రుచి. క్రమంగా అది పిల్లల వంట అయింది, పప్పు పెద్దల వంట అయింది.

మాకరోనీని మేము శత్రువుగా చూడడం లేదు. 1998 జనవరి 1 నుంచి ఈ దేశంలో విటమిన్లు చేర్చి అమ్మే గోధుమపిండిలో, మాకరోనీలో, బియ్యంలో ఫోలిక్ ఆమ్లం కలపడం తప్పనిసరి. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో, లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమంగా తయారు చేసిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు. పప్పు ముట్టని పిల్లవాడి మాకరోనీలో కూడా ఒక తెలుగువాడి కష్టం ఉందన్నమాట.

ఇక అన్నం సంగతి. వైద్యులుగా మాకు ఇందులో ఆసక్తి ఎక్కువ కనుక పాఠకులు కొంచెం ఓపిక పట్టాలి. ఉత్తర సర్కారు జిల్లాలు, అంటే మన కోస్తా ప్రాంతం, ఒకప్పుడు భారతదేశంలో బెరిబెరి వ్యాధికి పేరుపడ్డ చోటు. 1918లో కూనూరులో మెకారిసన్ దొర మొదలుపెట్టిన పరిశోధన విభాగానికి బెరిబెరి పేరే పెట్టారు. కారణం తరువాత స్పష్టపడింది. మరలో తెల్లగా పట్టించిన పచ్చిబియ్యాన్ని మూడుసార్లు కడిగి, ఉడికాక గంజి వార్చేస్తే బి1 విటమిను చాలా మటుకు పోతుంది. ఉప్పుడు బియ్యం తినే తమిళ జిల్లాల్లో ఆ వ్యాధి అంతగా లేదు. వడ్లను నానబెట్టి ఆవిరి పట్టినప్పుడు తవుడులోని విటమిను గింజ లోపలికి దిగుతుంది. ఆ కూనూరు సంస్థే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది.

ఈ ఉప్పుడు బియ్యం సూత్రాన్నే యంత్రాలకెక్కించి రెండవ ప్రపంచ యుద్ధకాలంలో టెక్సాస్‌లోని హ్యూస్టన్‌లో చేసిన బియ్యం అంకుల్ బెన్స్. దాని పేరు మారుస్తున్నట్టు 2020లో ప్రకటించారు. ఇప్పుడు అది బెన్స్ ఒరిజినల్. పోషణ దృష్టితో మంచి బియ్యమే గాని మెతుకుకు మెతుకు అంటదు, ముద్ద కలవదు. చేత్తో కలుపుకునే మనకు అది పెద్ద లోపం. ఇక్కడి మామూలు తెల్లబియ్యం సంచి మీద, కడగవద్దు అని రాసి ఉంటుంది. గింజకు పైన పట్టించిన విటమిన్లు, ఇనుము నీళ్ళతో పోతాయని. మన చేతులు ఊరుకోవు గదా! ఇండియన్ స్టోరులో కొన్న సోనా మసూరిని కడగండి. విటమిన్లు చేర్చినట్టు రాసి ఉన్న సంచిని మాత్రం అలాగే వండండి, గంజి వార్చకండి.

పిల్లల దగ్గరికి వద్దాము. తిండి నచ్చక పేచీ పెట్టడం పిల్లలకే పుట్టిన గుణమనుకోవద్దు. పలనాటి జొన్నకూటి మీద శ్రీనాథుడు విసుక్కున్నట్టు చెప్పే చాటువులు మనకు తెలిసినవే. ఆయన అప్పటికి చంటిబిడ్డ కాడు. కారం తినలేదని పిల్లల మీద కోప్పడేవారికి ఇంకొక మాట. మిరపకాయ ఈ అమెరికా ఖండాల పంట. పోర్చుగీసువారి ఓడల్లో 16వ శతాబ్దంలో మన దేశం చేరింది. అంతకు ముందు మన పూర్వులు మిరియాలతోనే సరిపెట్టుకున్నారు. నెయ్యి, పప్పు, పెరుగుతో తినే పిల్లవాడు వారికన్నా తక్కువ తెలుగువాడేమీ కాదు.

పిల్ల పుట్టినప్పటి బరువు ఏడాదికి దాదాపు మూడింతలవుతుంది. రెండో ఏట పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. కనుక ఆకలి తగ్గడం సహజం. సరిగ్గా అప్పుడే కొత్త రుచి అంటే భయం కూడా మొదలవుతుంది. తల్లి కంగారుపడి పాలసీసా అందిస్తుంది. రోజుకు 24 ఔన్సులకు మించి పాలు తాగే పిల్లకు అన్నం మీద ఆకలి ఉండదు, రక్తంలో ఇనుము తగ్గుతుంది. బిడ్డ ఏమీ తినదని వచ్చే తల్లిదండ్రులను మేము మొదట అడిగేది పాల లెక్కే. బరువు పెరగకపోతేనో, మింగడంలో ఇబ్బంది ఉంటేనో సంగతి వేరు. అది డాక్టరు చూడవలసిందే.

ఈ విషయంలో రెండు పరిశోధనలు తెలుసుకోదగ్గవి. 1926లో క్లారా డేవిస్ అనే డాక్టరు పాలు మాన్పించిన పసిపిల్లలతో ఒక ప్రయత్నం మొదలుపెట్టారు. 15 మంది పిల్లలు, 34 రకాల పదార్థాలు. ఎవరూ బలవంతం చేయకూడదు, పొగడకూడదు. పిల్ల చూపించిందే పెట్టాలి. 1939లో ఆమె ప్రకటించిన ఫలితాల ప్రకారం పిల్లలందరూ చక్కగా పెరిగారు. పిల్లలకు ఏది కావాలో వారికే తెలుసునని చాలామంది దీనికి అర్థం చెప్పారు. ఆమె మాత్రం కిటుకు ఆ పట్టికలోనే ఉందన్నారు: ఆ 34లో పంచదార లేదు, మిఠాయి లేదు, డబ్బా తిండి లేదు. ఏమి పెట్టాలన్నది పెద్దలే నిర్ణయించారు, ఎంత తినాలన్నది పిల్లలు. రెండవది 1982లో లియాన్ బర్చ్ గారిది. రెండేళ్ళ పిల్లలకు కొత్త పదార్థాన్ని ఎన్నిసార్లు రుచి చూపిస్తే ఇష్టం అంత పెరిగింది. 1984లో ఆమె మన మజ్జిగకు చుట్టమైన కెఫిర్‌ను తాగితే బహుమతి ఇస్తామని పిల్లలతో తాగించి చూశారు. వారికి దాని మీద ఇష్టం తగ్గింది. పప్పు తింటే ఐస్‌క్రీమ్ అనే బేరం ఎందుకు పనిచేయదో ఇందులో తెలుస్తుంది.

ఇది చదివినప్పుడు మాకు గోరుముద్ద గుర్తుకు వచ్చింది. గోటితో తీసినంత ముద్ద, రోజూ, అదే పప్పన్నం, చందమామను చూపిస్తూ. పది పదిహేనుసార్లు రుచి చూపించడమంటే మన అమ్మమ్మల లెక్కలో వారం రోజుల పని.

ఇక పొయ్యి దగ్గరికి. కుక్కరులో ఒక గిన్నెలో బియ్యం, ఒక గిన్నెలో పప్పు. 2010లో కెనడాలో పుట్టిన ఇన్‌స్టంట్ పాట్ అయినా సరే, పాత ఈలల కుక్కరు అయినా సరే, అరగంట పని. 200 గ్రాముల కందిపప్పు నలుగురికి సరిపోతుంది, అందులో 40 గ్రాములకు పైగా మాంసకృత్తులు ఉంటాయి. నగ్గెట్ల పెట్టె ధరతో పోల్చి చూడండి. పప్పు మెదిపాక ఉప్పు వేసి, కారం, తాలింపు పడకముందే పిల్లల వంతు తీసి నెయ్యి వేయాలి. మిగిలినదానిలో టమాటా, పచ్చిమిర్చి, ఇంగువ తాలింపు. మరునాడు మిగిలిన పప్పు చారు అవుతుంది. ఆదివారం చేసిన కందిపొడి, వారానికి సరిపడా రుబ్బిన దోసెల పిండి, అరడజను ఉడికించిన గుడ్లు ఉంటే బుధ, గురువారాలు గడుస్తాయి. శుక్రవారం పిజ్జా తినండి, ఎవరికీ ఏమీ కాదు, కాని పెద్దలు కూడా అదే తినండి.

కంచంలో పిల్లకు తెలిసినది ఒకటి తప్పకుండా ఉండాలి, పెరుగన్నం చాలు. దాని పక్కన గోరంత కూర. తినకపోతే తీసేయడమే, మాట అనవద్దు, వేరే వంట చేయవద్దు. మూడు నాలుగేళ్ళు వచ్చాక మన ఇళ్ళల్లో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి ఒకటి ఉండనే ఉంది: ఆవకాయ ముక్కను నీళ్ళలో కడిగి, పెరుగన్నం పక్కన పెట్టడం. ఏ రోజున ముక్క కడగనక్కరలేదో ఆ పిల్లే చెబుతుంది.