చేప తలలో రాయి

గొరక తలకాయ పులుసు తినేవాళ్లకు ఈ రాయి కొత్త కాదు. తల చప్పరిస్తుంటే పంటికింద గట్టిగా తగులుతుంది. తీసి కంచం అంచున పెట్టేస్తాం. ఈసారి కడిగి చూడండి. తెల్లగా, పింగాణీ ముక్కలా నున్నగా, ఒకవైపు చిన్న గాడితో ఉంటుంది. అది ఎముక కాదు, చేప లోపలి చెవిలో సున్నంతో కట్టిన రాయి. చేప నీళ్లలో ఒరగకుండా నిలదొక్కుకోవడానికీ, చప్పుడు వినడానికీ అదే ఆధారం. బతికినన్నాళ్లూ దాని మీద పొర మీద పొర చేరుతూనే ఉంటుంది.

చేప ఒంట్లో వయసు వెతికినవాళ్లలో తొలితరం మనిషి హెడర్‌స్ట్రోమ్ అనే స్వీడన్ మతగురువు. 1759లో పైక్ చేప వెన్నుపూసల మీది వలయాలు లెక్కపెట్టాడు. చెవిరాయి వంతు రావడానికి ఇంకో నూటనలభై ఏళ్లు పట్టింది. 1899లో జర్మనీలో రైబిష్ అనే శాస్త్రవేత్త ప్లెయిస్ అనే బల్లపరుపు చేప చెవిరాయిలో వలయాలు చూశాడు. చలిదేశాల్లో చేప వేసవిలో చురుగ్గా పెరుగుతుంది, చలికాలంలో ఎదుగుదల మందగిస్తుంది. మాను నరికితే కనిపించే చుట్ల లాంటివే ఇవీ.

ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం నార్వేది. అక్కడ హెర్రింగ్ చేప కొన్నేళ్లు విరగబడి పడేది, కొన్నేళ్లు వలలు ఖాళీగా వచ్చేవి. చేపల గుంపు వేరే చోటికి వలసపోయిందనే అప్పట్లో అందరి నమ్మకం. అక్కడి శాస్త్రవేత్త యోహాన్ యోర్ట్, ఆయన సహాయకులు వేల చేపల పొలుసులు తీసి, వాటి మీది వలయాలు ఏటేటా లెక్కపెట్టారు. చూస్తే, ఏ ఏడు పట్టినా వలలో ఎక్కువ భాగం 1904లో పుట్టిన చేపలే! నాలుగేళ్లవి ఐదేళ్లవయ్యాయి, ఐదేళ్లవి ఆరేళ్లవయ్యాయి; వల నింపేది మాత్రం ఆ ఈడువే. ఒక్క ఏడాది పిల్లలు బాగా బతికి బట్టకడితే ఏళ్ల తరబడి జాలరి ఇంట పొయ్యి వెలుగుతుందన్నమాట. 1914లో యోర్ట్ దీన్ని గ్రంథంగా ప్రకటించాడు. పిల్లచేపలకు తొలి రోజుల్లో మేత అందిందా లేదా అన్న ప్రశ్న అక్కణ్నుంచే బలపడింది.

మన వేడి సముద్రాల్లో గడ్డకట్టే చలికాలం లేదు కాబట్టి ఏడాది వలయాలు అంత తేటగా పడవు. 1971లో పనెల్లా అనే శాస్త్రవేత్త, చెవిరాయిని పల్చగా అరగదీసి సూక్ష్మదర్శిని కింద పెడితే రోజుకో పొర కనిపిస్తోందని చూపించాక ఆ ఇబ్బంది చాలావరకు తగ్గింది. పిల్లచేప ఏ రోజున పుట్టిందో వెనక్కి లెక్కకట్టొచ్చు.

వయసు తేల్చేందుకు ఏరి దాచిన ఆ రాళ్లు, పొలుసులు జన్యుశాస్త్రానికి పనికొస్తాయని అప్పుడెవరూ ఊహించలేదు. వాటికి అంటి ఎండిపోయిన కణజాలంలో డీఎన్ఏ మిగిలే ఉంది. నార్వేలో 1907లో, కెనడాలో 1940లో పట్టిన కాడ్ చేపల డీఎన్ఏని ఈ కాలపు చేపలతో పోల్చిన పరిశోధన 2021లో వెలువడింది. దశాబ్దాల విపరీత వేట తర్వాత కూడా జన్యువైవిధ్యం పెద్దగా తరగలేదని తేలింది. కెనడాలో 1992లో కాడ్ వేట ఆపేయాల్సి వచ్చింది చేప కరువై. దాని విత్తనం మాత్రం చెడలేదు.