అనూరాధ వాటా హైదరాబాదుది

ఈసీఐఎల్ చౌరస్తా దీపాలు కాప్రా ఆకాశాన్ని ఎంత తెల్లబరిచినా, వేసవి రాత్రి దక్షిణంగా చూస్తే వృశ్చికం కంటబడుతుంది. తేలు తల దగ్గర వరసగా ఉండే మూడు చుక్కలే అనూరాధ. జాతకాల్లో తప్ప దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. వాటిలో పై రెండు చుక్కలున్న ఆకాశపు పట్టీని కొలిచి పట్టిక కట్టే పని ఒకప్పుడు ఈ నగరం నెత్తిన వేసుకుంది.

నక్షత్రాలు కదలవన్న నమ్మకం మీదే మన పంచాంగమూ, గ్రీకుల పట్టికలూ నిలబడ్డాయి. 1718లో ఎడ్మండ్ హాలీ పాత గ్రీకు స్థానాలను తన కాలం నాటి వాటితో పోల్చి చూశాడు. మూడు నక్షత్రాలు తేడా కొట్టాయి. మన పేర్లలో చెప్పాలంటే రోహిణి, లుబ్ధకం, స్వాతి. వాటిలో స్వాతి ఏడాదికి 2.28 ఆర్క్‌సెకన్లు జరుగుతుంది. డిగ్రీలో 3,600వ భాగం ఒక ఆర్క్‌సెకను. ఏడాదిలో అది కంటికి ఆనదు గానీ, పద్దెనిమిది వందల ఏళ్లలో చందమామ వెడల్పుకు రెండింతలు దాటుతుంది. స్వాతి మనకు దాదాపు 37 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. కోణాన్ని దూరంతో కలిపి లెక్కగడితే సెకనుకు సుమారు 122 కిలోమీటర్ల వేగం తేలుతుంది.

ఇది అడ్డంగా పోయే కదలిక మాత్రమే. మన వైపు వస్తోందా, దూరం జరుగుతోందా అన్నది వర్ణపటం చెబుతుంది. దగ్గరికొస్తుంటే వర్ణపటంలోని గీతలు నీలం వైపు, పోతుంటే ఎరుపు వైపు జరుగుతాయి. ఈ డాప్లర్ పద్ధతిని 1868లో విలియం హగ్గిన్స్ లుబ్ధకం మీద ప్రయోగించాడు. కుషాయిగూడ ఈసీఐఎల్ వాళ్లు బెంగళూరు దగ్గరి బ్యాలాలులో నిలబెట్టిన 32 మీటర్ల యాంటెన్నా చంద్రయాన్ వేగాన్ని పట్టిందీ ఇదే సూత్రంతో. నక్షత్రం వేగాన్ని ఇలా పట్టడానికి ఒక్క రాత్రి చాలు. అడ్డకదలికకు అలా కుదరదు. ఎవరో ఒకరు ముందే కొలిచి పెట్టి ఉండాలి, ఆ తర్వాత ఏళ్లు గడవాలి.

ఆ ముందు కొలత కోసమే 1887లో పారిస్‌లో ఖగోళ శాస్త్రజ్ఞులు సమావేశమయ్యారు. ఆకాశం మొత్తాన్ని గాజు పలకల మీద ఫోటో తీయాలని, దేశదేశాల వేధశాలలు పట్టీలుగా పంచుకోవాలని తీర్మానించారు. ఖగోళ మధ్యరేఖకు దక్షిణాన మైనస్ 17 నుంచి మైనస్ 23 డిగ్రీల పట్టీని మొదట చిలీలోని శాంటియాగోకు ఇచ్చారు. అక్కడ పని సాగలేదు. అనూరాధ పై రెండు చుక్కలున్న ఆ పట్టీ చివరికి హైదరాబాదుకు వచ్చింది.

ఇక్కడ వేధశాల పుట్టడానికి ఒక నవాబు ముచ్చటే కారణం. ఇంగ్లండులో చదివిన నవాబ్ జఫర్ జంగ్, 1901లో ఫిసల్‌బండలోని తన ఎస్టేటులో దుర్భిణులతో దాన్ని మొదలుపెట్టి, నిజాం పేరు పెట్టాడు. 1907లో ఆయన పోవడంతో అది సర్కారు చేతికొచ్చింది, బేగంపేటకు మారింది. మొదటి డైరెక్టరు చాట్‌వుడ్. ఆయన తర్వాత, ఆక్స్‌ఫర్డ్‌లో ఈ పని నేర్చుకున్న పోకాక్ 1914లో వచ్చాడు. 1918లో పోకాక్ మరణించాక టి.పి. భాస్కరన్ పాతికేళ్లకు పైగా ఆ బాధ్యత మోశాడు. 1919లో వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చేరింది.

దుర్భిణి కన్నా ఓపికే ఈ పనికి పెట్టుబడి. ఒక్కో పలక మీద సన్నని గళ్లు ముద్రించి, ఆకాశంలో రెండు డిగ్రీల చదరాన్ని ఫోటో తీసేవారు. పగలు సూక్ష్మదర్శిని కింద ప్రతి చుక్కా గళ్ల గీతలకు ఎంత దూరంలో ఉందో చదివి, రాసుకుని, కాగితం మీద లెక్క కట్టేవారు. దక్షిణపు పట్టీ 1914 నుంచి 1929 దాకా పట్టింది. అది ముగిసీ ముగియకముందే పోట్స్‌డామ్ వదిలేసిన ఉత్తరపు పట్టీని, ప్లస్ 36 నుంచి 39 డిగ్రీల వరకు, 1928లో నెత్తికెత్తుకుని 1938కి పూర్తిచేశారు. లక్షల నక్షత్రాలతో పట్టికలు అచ్చయ్యాయి. ఖగోళ శాస్త్రజ్ఞుడు వైను బప్పు తండ్రి ఉద్యోగం చేసింది ఈ వేధశాలలోనే. కొడుక్కి ఆకాశం పిచ్చి ఎక్కడ అంటిందో వేరే వెతకనక్కర్లేదు.

అచ్చయిన ఆ పట్టికలు దశాబ్దాల పాటు అల్మారాల్లో ఉండిపోయాయి. కాలం చెల్లిన పథకమని పెదవి విరిచినవాళ్లూ ఉన్నారు. నిజానికి ఏళ్లు గడిచేకొద్దీ వాటి పదును పెరుగుతోంది. పలక మీద ఒక చుక్క స్థానంలో పావు ఆర్క్‌సెకను అటూ ఇటూ తేడా ఉండొచ్చు. ఆ తేడాను పలకకూ కొత్త కొలతకూ మధ్య గడిచిన డెబ్బై ఏళ్లతో భాగిస్తే, ఏడాది కదలికలో మిగిలే అనుమానం ఆర్క్‌సెకనులో వెయ్యింట నాలుగు వంతులు. ఐరోపా పంపిన హిప్పార్కస్ ఉపగ్రహం 1989 నుంచి 1993 దాకా చూసింది. దాని కొలత ఎంత సన్ననిదైనా ఆ మూడున్నరేళ్లలో దొరికే కదలిక కొద్దిదే. అందుకని దానిలోని టైకో పరికరం చూసిన నక్షత్రాలకు పాత పలకలను జోడించారు. అమెరికా నౌకాదళ వేధశాల ఆ పాత కొలతలను కంప్యూటరులోకి ఎక్కించి, 46 లక్షల నక్షత్రాలను సరిచూసింది. 2000లో వెలువడిన టైకో-2 పట్టికలో 25 లక్షల నక్షత్రాల కదలికలున్నాయి. అందులో హైదరాబాదు పట్టీలూ కలిశాయి.

2013 డిసెంబరులో ఎగిరిన గయా ఉపగ్రహం వచ్చాక ఈ అరువు అవసరం తగ్గింది. 2022లో విడుదలైన దాని జాబితాలో దాదాపు 146 కోట్ల నక్షత్రాల దూరమూ, అడ్డకదలికా ఉన్నాయి. వర్ణపటం చూసి మన వైపు వేగం చెప్పగలిగినవి మాత్రం సుమారు 3.4 కోట్లే.